లేబుళ్ళు ఊడిన సీసాలు

తిరుపతిలో నేను కెమిస్ట్రీ చెప్పే డిగ్రీ కాలేజీలో ల్యాబు అటెండరు నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పాకాల దగ్గర పల్లె ఆయనది. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడమ్ అనేవాడు. సీసా మూత తీసి, చేత్తో గాలిని ముక్కువైపు విసురుకుని, లోపల ఏముందో చెప్పేవాడు. తప్పు చెప్పగా నేను వినలేదు. ద్రవాలను వాసన చూసి గుర్తించవద్దని పిల్లలకు పాఠం చెప్పేది మేమే. అవసరం వస్తే ఆయన్ని పిలిచేదీ మేమే.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకూ, ఆయన భార్యకూ ఒకే వారంలో జ్వరం వచ్చింది. ఆయన కోలుకున్నాడు. ఆమె ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. కాలేజీ తెరిచాక వచ్చి, ఎప్పటిలాగే గాజు సామాను కడగడం మొదలుపెట్టాడు. పలకరించబోతే "ఏముండాది మేడమ్ చెప్పేదానికి" అని పనిలో పడ్డాడు.

ఆ కార్తీకంలో కురిసిన వానలకు మా స్టోరు గదిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. కింది అరల్లోని సీసాల లేబుళ్ళు నాని ఊడిపోయాయి. నీళ్ళు తోడేశాక సీసాలను బల్ల మీద పెట్టి ఆయన్ని పిలిచాను.

మొదటిది చూసి "అసిటోన్" అన్నాడు. రెండోదీ అసిటోనే అన్నాడు. మూడోది పెద్ద సీసా. మూత తీయగానే పెయింటు వాసన నా దాకా వచ్చింది. టోలుయీన్ అని నాకే తెలిసిపోయింది. ఆయన మాత్రం సీసాను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని పీల్చాడు.

"ఇదీ అసిటోనే మేడమ్."

లేబుళ్ళు రాస్తున్న పెన్ను పక్కన పెట్టాను. "అన్నా, నీకు వాసన తెలస్తా ఉండాదా?"

ఆయన మూత బిగించి సీసాను బల్ల మీద పెట్టాడు.

"లేదు మేడమ్. జ్వరంతో పోయింది, మళ్ళా రాలేదు. ఇంట్లో అన్నం మాడినా పక్కింటోళ్ళు వచ్చి చెప్పాల్సిందే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఈడ నాకేం పనుంటాది?"

ఆ తప్పు పేరు సీసా మీదికి ఎక్కి ఉంటే ఏ పిల్ల చేతుల్లో ఏమయ్యేదోనని భయమేసింది. ఇన్నేళ్ళు ఒక మనిషి ముక్కును పరికరంలా వాడుకున్నామని సిగ్గూ వేసింది.

"వాసన వద్దన్నా. మరిగించి చూద్దాం" అన్నాను.

మూడో సీసాలోది ఫ్లాస్కులో పోసి కరెంటు హీటరు మీద పెట్టాం. దానిపైన గాజుపూసలు నింపిన నిలువు గొట్టం. తొందరగా మరిగేది ఆవిరై పైదాకా పోయి, పక్కగొట్టంలో చల్లబడి ఇంకో ఫ్లాస్కులో చుక్కలుగా పడుతుంది, ఆలస్యంగా మరిగేది పూసల మధ్యే చల్లబడి కిందికి జారుతుంది. పైన థర్మామీటరు దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి, అంకె చెప్పమన్నాను.

పాదరసం కదలడానికి చాలాసేపు పట్టింది. దాన్ని చూస్తూనే ఆయన మాట్లాడాడు.

"ఆమె పోయిన పొద్దు నాకు నూటమూడు జ్వరం మేడమ్. సూడనీలేదు. అల్లుడు పోయి అంతా చేసొచ్చినాడు. ఏ చీరతో పంపించినారని కూడా నేను అడగలేదు."

కాసేపటికి ఆయనే, "యాభై ఆరు మేడమ్. నిలబడిపోయింది" అన్నాడు.

చుక్కలు పడటం మొదలైంది. అంకె మళ్ళీ పైకి కదలగానే చుక్కలు పడే ఫ్లాస్కు మార్చాం. మధ్యలో వచ్చినదాన్ని వేరుగా ఉంచాం. నూటపది దగ్గర మళ్ళీ నిలిచింది. మొదట వచ్చినది నీళ్ళలో కలిసిపోయింది, చివరిది పైన తేలింది. యాభై ఆరుకు మరిగేది అసిటోన్, నూటపదికి మరిగేది టోలుయీన్. ప్రాక్టికల్స్‌లో మిగిలినవి ఎవరో ఒకే సీసాలో పోసినట్టున్నారు.

"నువ్వు చెప్పిన అసిటోన్ కూడా ఉందన్నా" అన్నాను.

"అది గాలివాటం మేడమ్" అన్నాడు, నవ్వకుండా.

మిగతా సీసాలకు నాలుగు రోజులు పట్టింది. ఆయన అసిటోన్ అన్న రెండోది ఇథైల్ అసిటేట్ అని తేలింది. ప్రిన్సిపాల్‌కు జరిగింది చెప్పి, మరిగే ఉష్ణోగ్రత చూడకుండా ఏ సీసాకూ పేరు రాయకూడదని ల్యాబులో నియమం పెట్టించాను. ఆ పని ఆయనకే అప్పగించారు. రిటైరయ్యేదాకా ఆయనే చేశాడు.

వెళ్ళేరోజు, ఇన్నేళ్ళు ఆయన చేత వాసన చూపించి తప్పు చేశామని చెప్పాను.

"మీరు రాకముందు నుంచీ చూస్తా ఉండాను మేడమ్" అన్నాడు. "ఎవురూ వద్దనలేదు, చూడొచ్చా అని నేనూ అడగలేదు."

ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా వాసన తిరిగొచ్చిందా అని అడగాలనిపిస్తుంది, అడగను.