ఎస్తేరమ్మ కళ్ళు మూసుకుందంటే

ఎస్తేరమ్మకు కోపమొస్తే తిట్టదు, ప్రార్థన చేస్తుంది. తిట్టినా బాగుండేదని వాపోయేవాళ్ళు శంషాబాద్‌లో బోలెడుమంది. తిడితే తిరిగి తిట్టొచ్చు, కాదంటే తలుపేసుకోవచ్చు. ప్రార్థన మధ్యలో ఏం చేస్తారు, మీరే చెప్పండి! మీ బండారమంతా మీ పేరుతో సహా దేవుడికి విన్నవించుకుంటూ ఉంటే, పక్కనే తల వంచుకుని నిలబడాలి. చివర్లో ఆమెన్ కూడా మీరే అనాలి.

పక్కింటి వీరరాఘవులు గారిని అడగండి, చెబుతారు. భీమవరం నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకుని, బీమా ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఎస్తేరమ్మ కొత్త ఫ్రిజ్ కొన్న సందర్భంగా కృతజ్ఞతా కూడిక పెట్టి, ఆయన్నీ, ఆయన భార్య కామాక్షినీ పిలిచింది. పలావు ఉందన్నారని ఆయన హుషారుగా వెళ్ళారు. ఎస్తేరమ్మ ఫ్రిజ్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది.

"మహోన్నతుడవైన తండ్రీ! ఈ ఫ్రిజ్‌ను బట్టి నీకు స్తోత్రం. మా పక్కింటి వీరరాఘవులు సార్‌ను బట్టి స్తోత్రం. సార్ బంగారమసొంటి మనిషి."

వీరరాఘవులు గారు మురిసిపోయారు.

"గని ప్రభువా! సార్ రోజూ కారు మా గేటుకు అడ్డం పెడ్తడు. మొన్న నీళ్ళ ట్యాంకర్ లోపటికి రాలే. ఆయన మనసు ఖరాబ్ కాదు తండ్రీ, ఆయనకు రివర్స్ కొట్టుడు రాదు. అడుగుదామంటే సిగ్గుపడ్తడు. ఆయన చేతులను ముట్టుము ప్రభువా!"

పలావు చల్లారిపోయింది కానీ ప్రార్థన చల్లారలేదు. మర్నాడే వీరరాఘవులు గారు డ్రైవింగ్ స్కూల్లో చేరారు. "ఇన్నేళ్ళు నేను చెబితే విన్నారా? ఆవిడ దేవుడికి చెబితే గానీ వినలేదు!" అని కామాక్షి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. అప్పట్నుంచి ఆ వీధిలో ఎస్తేరమ్మ నోట "గని ప్రభువా" అన్న మాట వినపడితే చాలు, ఎవరికి వాళ్ళు తమ తప్పులు గుర్తు చేసుకోవడం మొదలుపెడతారు.

ఈవిడ చేతిలో పెరిగిన పిల్ల సునీల. ఎస్తేరమ్మ చెల్లెలి కూతురు. పెద్దమ్మ నోరు ఎంత పెద్దదో, ఈ పిల్లది అంత చిన్నది. ఎం.ఏ. ఇంగ్లీషు చదివింది, థాయిలాండ్‌లో ఒక ఊళ్ళో ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరింది. మాటలన్నీ వచ్చు గానీ, తనకేదైనా కావాలని అడగాల్సొస్తే మాత్రం ఒక్కటీ నోటికి రాదు. అదేం విచిత్రమో, చర్చికి వేరే రాష్ట్రం నుంచి ప్రసంగీకుడు వస్తే పక్కన నిలబడి వాక్యం వాక్యం తర్జుమా చేసేది ఈ పిల్లే. అప్పుడు మైకు కూడా అక్కర్లేదు, గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది. ఇంకొకరి మాటైతే ఖంగుమంటుంది, తన మాటైతే గొంతు దాటదు.

ఆ పిల్ల మొదటిసారి థాయిలాండ్ వెళ్ళినరోజు మాట చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఎయిర్‌పోర్టులో కారు దిగగానే ఎస్తేరమ్మ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టింది. వెనక కార్లు బారులు తీరాయి. పోలీసాయన ఈల వేసుకుంటూ వచ్చాడు. ఎస్తేరమ్మ ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుని, "గీ పోలీసు తమ్మునికి ఎండల నిలబడే ఓపిక దయచేయి తండ్రీ! పొద్దుగాల ఏమన్న తిన్నడో లేదో!" అంది. అతను ఈల నోట్లోంచి తీసి, టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. వెనకున్న క్యాబు డ్రైవర్లకు హారన్ కొట్టొద్దని సైగ కూడా చేశాడు. ఎస్తేరమ్మ పైలట్‌ని కూడా దీవించాలనుకుంది కానీ, పేరు తెలియక, "ఆ బండి నడిపేటాయనను" అని సరిపెట్టింది.

ఈ ఏడాది బడి సెలవులకు సునీల ఇంటికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మొహం వేలాడేసుకునే ఉంది. ఏమైందంటే, సెలవులు రెండు నెలలకూ జీతం ఇస్తానని బడి యజమాని ప్రసెర్త్ కాంట్రాక్టులో సంతకం పెట్టాడు. ఇప్పుడు అడిగితే, "ముందు నువ్వు తిరిగి రా, వచ్చాక మాట్లాడదాం" అంటున్నాడు. వెళ్ళాలంటే టికెట్ కొనాలి. టికెట్ కొనాలంటే జీతం రావాలి. జీతం రావాలంటే వెళ్ళాలి. వెళ్ళకపోతే ఉద్యోగం మానేసినట్టు లెక్క, ఇక జీతం ఏముంది, ఉద్యోగమూ లేదు! ఎంత తెలివైన మనిషో చూడండి. ఫోన్ చేస్తే చక్కగా మాట్లాడతాడు. జీతం అన్న మాట రాగానే "హలో? హలో? నెట్‌వర్క్!" అని పెట్టేస్తాడు.

ముందు వీరరాఘవులు గారు రంగంలోకి దిగారు.

"అమ్మాయ్, మనం పద్ధతిగా వెళ్దాం. నోటీసంటే ఎలా ఉండాలో నాకొదిలెయ్," అని కళ్ళజోడు తుడుచుకుని, రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీల నోటీసు తయారుచేశారు. అందులో మొదటి వాక్యం మూడో పేజీలో గానీ ముగియలేదు. పంపిన కాసేపటికే ప్రసెర్త్ నుంచి జవాబొచ్చింది. బొటనవేలు పైకెత్తిన బొమ్మ.

"అంటే ఏవిటమ్మా దానర్థం?" అన్నారాయన.

"బాగుందని, అంకుల్."

"బాగుందంటే? ఇస్తానన్నట్టా?"

"కాదంకుల్. నోటీసు బాగుందని."

వీరరాఘవులు గారు ఆ పూట భోంచేయలేదు. గోడవతల నుంచి ఇదంతా విన్న ఎస్తేరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంది బిడ్డా, గా ప్రసాద్ సార్ పైసలు ఇస్తలేడా?"

"ప్రసాద్ కాదు పెద్దమ్మా, ప్రసెర్త్."

"ఎవడైతేంది. వీడియో కాల్ కలుపు. జర ప్రార్థన చేద్దాం."

"వద్దు పెద్దమ్మా! ఆయనకు తెలుగు రాదు!"

"నువ్వున్నవ్ గద తర్జుమా చేసెటందుకు."

మర్నాడు పొద్దున వరండాలో ఫోన్‌ని పచ్చడి జాడీకి ఆనించి నిలబెట్టారు. వీరరాఘవులు గారు కాంట్రాక్టు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. తెరమీద ప్రసెర్త్ ప్రత్యక్షమయ్యాడు. గుండ్రటి మొహం, నవ్వు, వెనకాల ఫ్యాను.

"టీచర్ సునీలా! టికెట్ కొన్నావా?"

"లేదు సర్... ఆ జీతం సంగతి... మీకు వీలైనప్పుడు, ఇబ్బంది లేకపోతేనే..."

"హలో? హలో? నెట్‌వర్క్..." వేలు ఎర్ర గుర్తు మీదికి వెళ్తోంది. ఎస్తేరమ్మ తెరలోకి తల దూర్చి, "ప్రసాద్ సార్! ప్రేయర్!" అని చేతులు జోడించి కళ్ళు మూసుకుంది.

అతని వేలు అక్కడే ఆగిపోయింది. వాళ్ళ దేశంలోనూ పెద్దామె చేతులు జోడిస్తే ఫోన్ పెట్టేసేవాడు ఉండడు కాబోలు. పాపం, అతనూ చేతులు జోడించి తల వంచాడు.

"మహోన్నతుడవైన తండ్రీ!" అంది ఎస్తేరమ్మ. సునీల గొంతు దానంతటదే లేచింది, ఇంగ్లీషులో ఖంగుమంది.

"ప్రసాద్ సార్‌ను బట్టి నీకు స్తోత్రం. ఎంతమంది పిల్లలకు సదువు చెప్పిస్తున్నడు! బంగారమసొంటి మనిషి."

సునీల తర్జుమా చేసింది. ప్రసెర్త్ మొహం వెలిగిపోయింది. వీరరాఘవులు గారికి మాత్రం తర్వాతేం రాబోతుందో తెలుసు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"గని ప్రభువా!"

అయ్యో పాపం, అతనికేం తెలుసు!

"సెలవుల జీతం ఇస్తనని కాయితం మీద సంతకం పెట్టిండు. పెట్టిన చెయ్యి ఆయనదే, మర్సిపోయిన తలకాయ గూడ ఆయనదే. ఆ తలకాయను బాగుచెయ్యి తండ్రీ!"

తర్జుమా చేసేవాళ్ళకు ఆలోచించే వ్యవధి ఉండదు. అనేశాక గానీ ఏమన్నదో సునీలకు తెలియలేదు. ప్రసెర్త్ ఒక కన్ను తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఎస్తేరమ్మ కూడా ఒక కన్ను తెరిచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని గబుక్కున మూసేసుకున్నారు.

"జీతం ముచ్చట రాంగనే ఆయన ఫోన్ల నెట్‌వర్క్ పోతదట. ఆ టవర్‌ను ముట్టుము ప్రభువా! ఈ పిల్ల పరాయి దేశంల ఒక్కతే ఉండి మస్తు కష్టపడ్డది. గిప్పుడు ఈ పిల్లకు..."

ఆగిపోయింది.

ఎస్తేరమ్మ ప్రార్థన మధ్యలో ఆగడం అంతవరకూ ఎవరూ చూడలేదు. గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్న సునీల పెద్దమ్మ వైపు చూసింది. ఆవిడ కళ్ళు బిగించి మూసుకుంది, పెదాలు అంతకన్నా బిగించింది. అవతల ప్రసెర్త్ మెల్లగా కళ్ళు తెరిచాడు. ప్రార్థన అయిపోయిందనుకుని చెయ్యి చాచాడు. ఇప్పుడు పెట్టేస్తే మళ్ళీ ఎత్తడు, ఆ సంగతి సునీలకు తెలుసు. గొంతు ఇంకా లేచిన చోటే ఉంది.

"నాకు నా జీతం కావాలి," అంది ఇంగ్లీషులో. వీధి చివరిదాకా వినపడింది. "మీరు దయతో ఇచ్చేది కాదు సర్, ఏడాదంతా పనిచేసి నేను సంపాదించుకున్నది. అది వచ్చాకే టికెట్ కొంటాను. శుక్రవారంలోగా పంపండి. లేకపోతే మీ దేశంలో కార్మికుల ఆఫీసుకు ఫిర్యాదు రాస్తాను. ఉత్తరం ఎలా రాయాలో నాకు బాగా తెలుసు. పిల్లలకు నేర్పేది నేనే."

"ఆమెన్!" అన్నారు వీరరాఘవులు గారు, అలవాటుకొద్దీ.

ప్రసెర్త్ "నెట్..." అనబోయి, ఎస్తేరమ్మ జోడించిన చేతులు చూసి మానేశాడు. "శుక్రవారం పంపిస్తా టీచర్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడది అయిపోయిందా? ఇప్పుడు ఫోన్ పెట్టేయొచ్చా?" అని అడిగాడు.

ఫోన్ పెట్టాక సునీల మెట్టు మీద కూలబడింది. "ఏంది పెద్దమ్మా, నడుమ ఆపేసినవ్? నా పాణం పోయింది! మర్సిపోయినవా?"

"నేనా? మర్సుడా?" ఎస్తేరమ్మ కళ్ళు తెరిచి నవ్వింది. "ఇంకా మస్తుండె బిడ్డా, నోట్లనే మింగిన. నేనడిగితే నువ్వడిగినట్టు ఎట్లయితది? మళ్ళ రేపు అక్కడికి పోయినంక నీ పక్కన నేనుంటనా? నా మాట పట్టుకొని మంచిగ ఉరుకుతున్నవ్, ఇగ పడవు అనుకున్న, ఇడిచిపెట్టిన."

"పడితే?"

"పడితే పట్టుకుందమనే గద, కండ్లు మూసుకొని కూసున్న!"

వీరరాఘవులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే ఎస్తేరమ్మ గారూ, ఆనాడు నా కారు సంగతి కూడా ఇలాగే ఆలోచించి చెప్పారా?"

"మరి? నిన్ను తిడితే, సార్, నువ్వు మొఖం తిప్పుకొని పోతుంటివి. గా సిగ్గుకు రివర్స్ కొట్టుడు నేర్సుకోకపోతుంటివి. దేవునికి చెప్తే ఇద్దరం ఒక్క దిక్కే నిలబడి ఉంటిమి గద!"

ఆయన మనసు నిండిపోయింది.

శుక్రవారం జీతం పడింది. అయితే ఒక నెలదే పడింది. ఎస్తేరమ్మ లేచి కొంగు నెత్తిన కప్పుకుంది. "ఫోన్ కలుపు బిడ్డా," అని కళ్ళు మూసుకోబోయింది.

"నువ్వు కండ్లు తెరువు పెద్దమ్మా. నేను మాట్లాడుత."

ఫోన్ కలిసింది. తెరమీద ప్రసెర్త్ అప్పటికే చేతులు జోడించి, తల వంచి, కళ్ళు గట్టిగా మూసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"కళ్ళు తెరవండి సర్," అంది సునీల. "ఇవాళ ప్రార్థన లేదు. మీతోనే పని."

మిగతా నెల జీతం ఆ సాయంత్రానికి పడింది. ప్రసాద్ సార్‌కు చివరికి స్తోత్రం కూడా చెప్పనియ్యలేదని ఎస్తేరమ్మ పిల్లతో రెండు రోజులు మాట్లాడలేదు.