ఉప్పాడకు చేరని హెచ్చరిక

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నోటితో చెప్పింది రెండు ముక్కలే. ఆ రెండు ముక్కలతో ఒక మనిషి తన మనసును తానే నమ్మడం మానేసింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ల ఎదుట కూర్చుంటే మళ్లీ ఏదో ఒక సాకు వెతుక్కుంటాను.

మాది రావులపాలెం పక్కన పల్లె. ఇంజినీరింగ్ అయ్యాక కాకినాడలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. తీరం వెంట ఉన్న మత్స్యకారుల సంఘాలకు వాతావరణ హెచ్చరికలు పంపే పని మాకు వచ్చింది. ఒక్కో ఊళ్లో సంఘం గదిలో ఒక కంప్యూటర్ పెట్టాం. అన్నిటికీ మధ్యలో ఒక పెద్ద సర్వర్ ఉంటే, అది ఆగిన రోజు అన్ని ఊళ్లూ మూగబోతాయి. అందుకని ఆ కంప్యూటర్లే ఒకదాన్నొకటి వెతుక్కుని నేరుగా మాట్లాడుకునేలా, ఇంటర్నెట్ మీదే మాకు మాత్రమే కనిపించే ఒక నెట్‌వర్క్ కట్టాం. హెచ్చరికల ప్రోగ్రాంను దానికి కలిపే భాగం నాది. ప్రోగ్రాం నుంచి నెట్‌వర్క్‌లోకి తెరుచుకునే దారిని సాకెట్ అంటాం. ఇక్కడ అందులో వేసిన మాట అవతలి ఊరి కంప్యూటర్‌లో తేలాలి.

సాకెట్ మాటను తీసుకోగానే నా ప్రోగ్రాం ‘అందింది’ అని రాసుకునేది. తీసుకోవడం వేరు, అందడం వేరు. మా వైపు అరటి గెలలు లారీకి ఎక్కించినవాడు అవి అవతలి మార్కెట్లో దిగిపోయాయని చెప్పడు. చేరిందని అవతలి కంప్యూటర్ తిరిగి జవాబివ్వాలి, ఆ జవాబు వచ్చాకే అందినట్టు రాయాలి. ఇది నాకు తెలియక కాదు. ప్రారంభోత్సవం ముంచుకొస్తోంది, తర్వాత చేద్దాంలే అనుకున్నాను. ప్రారంభోత్సవంలో శాలువా కప్పించుకున్నాను. తర్వాత చేయలేదు.

ఉప్పాడలో సంఘం గది చూసుకునే ఆమె పేరు మార్చి రాస్తున్నాను. నూకరత్నం అనుకోండి. నలభై ఏళ్లుంటాయి, పదో తరగతి దాకా చదివింది. హెచ్చరిక రాగానే కంప్యూటర్ మోగుతుంది. తెర మీద బటన్ నొక్కేదాకా మోగుతూనే ఉంటుంది. నొక్కి, చదివి, ఆమె మైకులో ఊరికి చెప్పాలి. శ్రద్ధగల మనిషి. కీబోర్డు మీద ఇసుక పడకుండా మగ్గం దగ్గర మిగిలిన పట్టు ముక్క ఒకటి తెచ్చి కప్పేది.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక, గాలి లేస్తుందని కాకినాడ నుంచి హెచ్చరిక పంపాం. మిగతా ఊళ్లన్నిటిలో మైకులు మోగాయి. ఉప్పాడలో మోగలేదు. ఒంటి గంటకు అక్కడి నుంచి రెండు బోట్లు వేటకు వెళ్లాయి. ఒకటి మబ్బు చూసి వెనక్కి తిరిగింది. రెండోది ఒడ్డు మీద వాళ్లకు కనిపించేంత దూరంలోనే బోల్తా పడింది. అందులో ముగ్గురు. ఇద్దరు ఈదుకుంటూ వచ్చారు. మూడోవాడు సత్తిబాబు. నూకరత్నం తమ్ముడు.

మర్నాడు ఉదయం కంప్యూటర్ చూసి రమ్మని మా వాళ్లు నన్ను పంపారు. గదిలో ఎవరూ లేరు. వీధి అవతల నుంచి ఏడుపులు వినిపిస్తున్నాయి. ఆ కంప్యూటర్ తనలో రాసుకున్న లాగ్ తెరిచాను. ముందురోజు పదకొండింటికి అక్కడ ఇంటర్నెట్ పోయి వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ కంప్యూటర్ కొత్త చిరునామాతో నెట్‌వర్క్‌లో చేరింది. కాకినాడలో నా ప్రోగ్రాం మాత్రం పాత సాకెట్‌లోనే మాటలు వేస్తూ కూర్చుంది. పదకొండు నుంచి మూడు దాకా ఉప్పాడకు ఏ మెసేజ్ రాలేదు. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు. స్పష్టంగా ఉంది.

అప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది సత్తిబాబు కాదు. నా ఉద్యోగం. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇంత దూరం వచ్చి ఇదొక్కటి దాచుకోవడం దేనికి? లాగ్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. కాకినాడ వెళ్లి, జవాబు కోసం ఆగే భాగం ఆ మధ్యాహ్నమే రాసేశాను. ఎవరికీ చెప్పకుండా అన్ని ఊళ్లకూ పంపాను. రెండు గంటల పని. అంతే, రెండు గంటలు.

నాలుగు రోజుల తర్వాత ఉప్పాడలో అధికారులు విచారణ జరిపారు. మా రికార్డు ఇమ్మన్నారు. కాకినాడ వైపుది ఇచ్చాను. అందులో ‘ఉప్పాడ: అందింది’ అని ఉంది. రెండో వైపు రికార్డు ఉంటుందని అడిగినవాళ్లకు తెలియదు. నాకు తెలుసు. అది నా జేబులోనే ఉంది.

నూకరత్నాన్ని ఆ సమయంలో ఎక్కడున్నావని అడిగారు. మంచినీళ్ల బిందె కోసం పది నిమిషాలు బయటికి వెళ్లానని చెప్పింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నిజం కాబట్టి చెప్పింది. ఆ పది నిమిషాలనే పట్టుకున్నారు. మోగి ఉంటుంది, వచ్చాక ఏదో ధ్యాసలో నొక్కేసి ఉంటావు అన్నారు. “లేదండి, ఏమీ రాలేదండి,” అని రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు.

అయిపోయాక వరండాలో చెప్పులు వేసుకుంటుంటే నా దగ్గరికి వచ్చింది.

“బాబుగారూ, మీరు చదువుకున్నోరు. ఆ మిషన్‌లో అందిందనే ఉందంటండి?”

“ఉందండి.”

“మరి నేనే నొక్కేసి మర్చిపోయానంటారా? ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావట్లేదండి. అలా అవుతుందంటారా?”

ఆమె నన్ను నిలదీయలేదు. తప్పు తనదేనేమో చూసి చెప్పమని అడిగింది. నోరు తెరిస్తే చాలు, నిజం బయటికి వచ్చేది. నేనేమన్నానో తెలుసా?

“అయ్యుండొచ్చు నూకరత్నం గారూ. ఒక్కోసారి మనకి తెలీకుండానే నొక్కేస్తాం.”

ఆమె తల ఊపింది. తన కుడిచేతి వేలు ఒకసారి చూసుకుంది. వెళ్లిపోయింది.

రికార్డు దాచడం భయంతో చేశాను అనుకుందాం. మరి ఇది? ఎవరూ బలవంతపెట్టలేదు. ‘ఏమోనండి’ అని తప్పుకోవచ్చు కదా. ఆమె తనను తాను తప్పుపట్టుకుంటే నా వైపు ఇంకెవరూ చూడరని ఆ క్షణంలో లెక్క వేసుకున్నానా, లేక నోటికొచ్చింది అనేశానా? ఎన్నిసార్లు తవ్వినా ఒక్కోసారి ఒక్కో జవాబు. ఏ జవాబులోనూ నేను మంచివాణ్ణి కాదు.

ఆమెను పనిలోంచి తీసేశారు. ఊరు నమ్మింది. తల్లి ఆమెతో మాట్లాడటం మానేసింది. సత్తిబాబు భార్య పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఇవన్నీ ఎవరో చెప్పగా విన్నాను. వింటూ ఉద్యోగంలో పైకి వెళ్లాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు సాకెట్ల గురించి నేనే పాఠం చెబుతాను. తీసుకోవడం వేరు, అందడం వేరు అన్న చోటికి వచ్చేసరికి నిలబడలేను. బోర్డు తుడుస్తాను, కిటికీ తెరుస్తాను, మళ్లీ మూస్తాను.

ఈ వేసవిలో నిడదవోలు స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తుంటే ఆమె కనిపించింది. తనే గుర్తుపట్టి పలకరించింది. పక్కన కూతురు ఉంది. ఫోన్ మోగితే ఆ అమ్మాయే ఎత్తి తల్లి చెవి దగ్గర పెట్టింది. ఏంటమ్మా అలా అని నేనడిగితే, అమ్మ బటన్లేవీ ముట్టుకోదండి, లిఫ్ట్ కూడా ఎక్కదండి అంది. నూకరత్నం నవ్వింది. నా రైలు వచ్చింది. ఎక్కేశాను. అప్పుడు కూడా ఎక్కేశాను.

ఆ తర్వాత నెల రోజులు అన్నం సయించలేదు. పోయిన గురువారం పొద్దున్నే పాత లాగ్ ప్రింటు తీసుకుని, జరిగిందంతా సంతకం పెట్టి రాసుకుని ఉప్పాడ వెళ్లాను. కాగితాలు ఒక కాపీ సంఘంలో ఇచ్చాను. ఇంకొకటి ఆమె ఇంటికి తీసుకెళ్లాను. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. చివరిదాకా చెప్పాను.

ఆమె తన కుడిచేతి వేలు చూసుకుంది. తర్వాత, “అయితే నేను నొక్కలేదా అండి?” అంది.

“లేదండి. మెసేజే రాలేదు. మీరు చెప్పిందే నిజం.”

“మా అమ్మ పోయినేడే పోయిందండి,” అంది. కాగితాలు తీసుకుంది. కూర్చోమనలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. నేను కాసేపు ఎండలో నిలబడి వచ్చేశాను.

క్షమించమని అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. సంఘంవాళ్లు ఏం చేస్తారో, ఆఫీసులో ఏమవుతుందో తెలియదు. ఫోన్ మోగితే ఇంకా ఉలిక్కిపడుతున్నాను. పోయిన ప్రాణం రాదు, ఆ తల్లీకూతుళ్లు మాట్లాడుకోని ఏళ్లూ రావు. అయినా ఆ గుమ్మంలో ఆ మాట అన్నప్పుడు, ఎనిమిదేళ్లలో మొదటిసారి నా గొంతు నాదిలా వినిపించింది. మీకు కూడా ఒకసారి చెప్పనివ్వండి. తప్పు నాది. నాకు ముందునుంచే తెలుసు.