ఎడమ చక్రం కింది దిమ్మ

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళు మోశాను. చిన్నదే. ఒక్క మాట. ఆ మాట అన్నప్పుడు బడికి పోయే మా అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీకి పోతోంది. మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. అయితే ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. గొప్పా తప్పూ ఒక్కచోటే పుట్టాయి. ఒకటి వదిలేసి రెండోది చెప్పడం నాకు చేతకాదు.

నేను గ్లాస్గోలో మత్తు డాక్టర్ని. మాకో ట్రైలరుంది. మామూలు కారవాన్ కాదు, ఫిఫ్త్ వీల్ అంటారు. దాని ముందు భాగం పికప్ ట్రక్కు వెనక తగిలించుకోదు, ట్రక్కు మీదికే ఎక్కి కూర్చుంటుంది. పెద్దది, బరువైనది, ఈ దేశంలో అరుదుగా కనిపిస్తుంది. ట్రక్కును తప్పించాక దానికి ముందు రెండు ఇనుపకాళ్ళు, కింద చక్రాలు, వెనక రెండు జాకీలు ఆధారం. చాలా ట్రైలర్లలో ఒకరు పక్కకు ఒత్తిగిలితే వంటగదిలో గిన్నెలు మోగుతాయి.

మాది మోగదు. పిల్లలు మంచం మీద గెంతినా బల్ల మీద టీ తొణకదు. ముందు భాగం కింద మూడుకాళ్ళ ఆసరా, టైర్లు దొర్లకుండా వాటి మధ్య బిగించే పట్టీలు, వెనక జాకీలకు అడ్డకమ్మీలు, అన్నీ నేనే బురదలో వెల్లకిలా పడుకుని బిగించాను. పాత బ్యాటరీలు తీసి కొత్తవి పెట్టాను. నేల కింద చలి ఆపే పలకలు పరిచాను. క్యాంప్‌సైట్‌లో పక్కవాళ్ళు వంగి చూసి, మీ ఆయన చేశారా అని అడుగుతారు. కాదు, నేనే అంటాను. అప్పుడు నా గొంతులో పలికేది గర్వమే. దాన్ని దాచను. ఆపరేషన్ థియేటర్లో ఇన్నేళ్ళు చేసిన పనికి కూడా నేనంత పొంగలేదు.

కానీ మొదట్లో ఇది నా పని కాదు. మా బావ పని.

బావ అంటే మా అక్క భర్త. ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్‌లో విమాన భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజినీరు. ట్రైలరు కొన్న ఏడాది, సెలవు పెట్టుకుని వెల్డింగ్ మిషన్‌తో సహా మా ఇంటికొచ్చాడు. ముందు కాళ్ళు రెండూ ఊగకుండా వాటి మధ్య అడ్డకమ్మీలు అతికాడు. పని ముగించి, ఆ అతుకుల మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. నాకా ముఖం గుర్తుంది. ఈ రోజు నా ముఖం కూడా అలాగే ఉంటుందేమో.

ఆ వేసవిలో రెండు కుటుంబాలం కలిసి ఉత్తరాన, ఇక్కడివాళ్ళు లోచ్ అని పిలిచే ఒక సరస్సు ఒడ్డుకు వెళ్ళాం. చోటు కాస్త వాలుగా ఉంది. ట్రైలరు నిలబెట్టి, చక్రాల కింద రెండు వైపులా పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మలు అడ్డం పెట్టి, కాళ్ళు దించి బావ నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళాడు. నాకు కిటికీలోంచి లోచ్ కనబడాలని కోరిక. మా ఆయన చేత ట్రక్కు మళ్ళీ తగిలించి, దిమ్మలు నేనే తీసి, ట్రైలరును కొంచెం ముందుకు జరిపించాను. కుడివైపు దిమ్మలు మళ్ళీ పెట్టాను. ఇంతలో వాన మొదలైంది. ఎడమవైపువి గడ్డిలోనే ఉన్నాయి. తర్వాత పెడదాంలే అనుకుని లోపలికి పరిగెత్తాను. నేను అన్నీ పెట్టేశానన్న నమ్మకంతో మా ఆయన కాళ్ళు దించి ట్రక్కు తప్పించేశాడు.

అక్క ఉప్మా గిన్నె పట్టుకుని గుమ్మం మెట్టు దిగుతోంది. ట్రైలరు ఒక్క ఊపు ఊగి పల్లానికి జారింది. కుడివైపు దిమ్మలు ఒక్కటే దాన్ని ఆపలేకపోయాయి. ఫెళ్ళుమని చప్పుడు. అక్క మెట్టు మీంచి తూలి, తన కుడిచేతి మీదే పడింది.

అక్క దంతాల డాక్టరు. ఆ మణికట్టే ఆమెకు బతుకు.

అందరూ ఆమె చుట్టూ మూగారు. నేనూ మూగాల్సినదాన్ని, డాక్టర్ని. నేనేం చేశానో తెలుసా? ఎడమవైపుకు వెళ్ళి, గడ్డిలో ఉన్న దిమ్మలను కాలితో చక్రాల కిందికి నెట్టాను. ఆ తర్వాతే అక్క దగ్గరికి వెళ్ళాను. ముందు అక్క చెయ్యి చూడాలనిపించలేదా? అనిపించింది. అయినా ముందు అటే వెళ్ళాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక బావ ట్రైలరు కింద దూరాడు. అడ్డకమ్మీ అతుకు పగిలి ఉంది. బయటికి రాకుండానే అడిగాడు.

"మరదలా, జారినప్పుడు దిమ్మలు రెండువైపులా ఉన్నాయా?"

"ఉన్నాయి బావా."

"కచ్చితంగా చూశావా?"

"నేనే పెట్టాను కదా."

"అయితే నా వెల్డే. సరిగ్గా పట్టలేదు" అన్నాడు.

అంతే. నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే ఎదురు తిరిగి పోట్లాడేదాన్ని, పోట్లాటలో ఎక్కడో నిజం జారిపడేది, బహుశా అందరం తేలికపడేవాళ్ళం. కానీ ఆయన నా మాటను లోహం కన్నా గట్టిదనుకున్నాడు.

అక్క మణికట్టు అతుక్కుంది గానీ మునుపటిలా తిరగదు. పని సగానికి తగ్గించుకుంది. నలుగురిలో నవ్వుతూనే, "ఈయన చేతిపని నమ్మి నా చెయ్యి విరగ్గొట్టుకున్నా" అంటుంది. బావ కూడా నవ్వుతాడు. ఆ నవ్వు ఏటేటా సన్నబడటం నేను చూశాను. వెల్డింగ్ మిషన్ ఎవరికో ఇచ్చేశాడు. ఇంట్లో అల్మరా తలుపు ఊడినా మనిషిని పిలిపిస్తాడు.

నేను మాత్రం పని నేర్చుకున్నాను. భయంతో మొదలుపెట్టాను, తర్వాత ఇష్టం పుట్టింది. నేర్చుకుంటూ పోయిన కొద్దీ ఒకటి స్పష్టమైంది: అంత బరువు పల్లానికి దొర్లితే ఏ అతుకూ ఆగదు. ఆ అడ్డకమ్మీలు ట్రైలరు ఊగకుండా ఆపడానికే, దొర్లకుండా ఆపడానికి కాదు. పగిలిన ఆ ఒక్కచోటు తప్ప బావ అతుకులన్నీ చెక్కుచెదరలేదు. వాటిని తీసేయడానికి నాకు మనసొప్పలేదు. తుప్పు గీకి, రంగు వేసి అలాగే ఉంచాను. జనం మెచ్చుకునే ఆ గట్టిదనంలో ఆయనదీ ఉంది. అదీ ఎవరికీ చెప్పలేదు.

నా పని మీద నాకు గర్వం పోలేదు. పోవాలా? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. నేను బిగించిన ప్రతి బోల్టూ నిజమే. దాని అడుగున ఉన్నదే నిజం కాదు.

బావ తెలుగు బాగా చదువుతాడు. పేర్లు లేకపోయినా ఇది చదివితే పోల్చుకుంటాడు. పోల్చుకోవాలనే కాస్త ఎక్కువ గుర్తులు పెట్టాను. అక్కకు చదివి వినిపిస్తాడా, మడిచి దాచేస్తాడా, నాతో మాట్లాడటం మానేస్తాడా, నాకు తెలియదు. క్షమించమని అడగడం లేదు. అడిగే హక్కు ఆ గడ్డిలోనే పోగొట్టుకున్నాను.

ఆ రోజు ఎడమ చక్రాలకు దిమ్మల్లేవు బావా. నేనే పెట్టలేదు. నీ వెల్డు మంచిదే.

రాసేశాను. ఇప్పుడు ఊపిరి నిండుగా అందుతోంది.