కోటకొండ మీది రాతిశాసనం

మొన్నొక ఉదయం కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే జిల్లా పేజీలో ఒక ఫోటో కనిపించింది. ఏదో పాత కోటలో గుప్తనిధుల కోసం ఎవరో నంది విగ్రహాన్ని పగలగొట్టి, దాని కింద మనిషి లోతు గొయ్యి తీశారట. గొయ్యి పక్కన కోసిన నిమ్మకాయలు, చెదిరిన పసుపూ కుంకుమా. గ్లాసు కింద పెట్టేశాను. ఏమైందమ్మా అని మా అమ్మాయి అడిగితే ఏమీ లేదంటూ పేపరు మడిచి పక్కన పెట్టాను.

నేను సోషల్ టీచరుగా చేరిన తొలి రోజుల మాట. తనకల్లు దాటి బస్సు దిగి, మళ్లీ నడిచి చేరవలసిన ఊరు. మా ఆయన ధర్మవరంలో పట్టుచీరల అంగడి విడిచి రాలేక అక్కడే ఉంటే, నేను ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకుని ఉండేదాన్ని. ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. వెనకాముందూ ఎవరూ లేక, శనక్కాయ చేలల్లో కూలికి పోయి బతికే మనిషి. నేను నెల తప్పిన సంగతి నాకన్నా ముందు కనిపెట్టింది ఆవిడే.

ఊరి వెనకాల కోటకొండ. మీకూ గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు చరిత్ర పాఠమంటే ఢిల్లీ సుల్తానులూ మొఘలులే, మన కాళ్ల కింది నేలను ఏలినవాళ్ల ఊసు ఎక్కడో ఒక మూల ఉండేది. నాకేమో పిల్లలకు ఆ కొండనే చూపించి చెప్పాలని తపన. ఒకప్పుడు ఈ సీమను నొళంబులు ఏలారనీ, హంపి పాడయ్యాక విజయనగర రాజులు పెనుకొండకు తరలివచ్చారనీ, ఆ రాజ్యం కూడా కూలితే పాళెగాళ్లు ఎవరి కొండ మీద వాళ్లు కోటలు కట్టుకున్నారనీ, వాళ్లను మైసూరు నవాబులూ, అందరినీ కలిపి కుంపిణీ దొరలూ మింగారనీ చెబుతుంటే పిల్లలు కొండ వైపే చూస్తూ వినేవాళ్లు. కోటవాకిలి పక్కన పాళెగాళ్లకన్నా ముందునాటి శాసనం ఒకటి నిలబడి ఉండేది. తెలుగు పండితులైన మా నాయన దగ్గర పాత అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి, ఆదివారాలు పోయి దాన్ని తుడిచి, కొంచెం కొంచెంగా చదువుకునేదాన్ని. కానీ రాతి మీద రాత అంటే ఆ ఊరివాళ్లకు ఒకటే అర్థం: కింద ధనముందని.

ఒక ఆదివారం పొద్దున ఇంటి ముందు జీపు ఆగింది. దిగినవాడు సర్పంచి తమ్ముడు. అతను ఎదురైతే ఊళ్లో మగవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు. వెంట ఇద్దరు మనుషులూ, నేనెప్పుడూ చూడని ఒక కావిగుడ్డల స్వామీ ఉన్నారు.

"టీచరమ్మా, కొండమీద రాయి ఉండాది కదా, దాంట్లో ఏముండాదో మాకూ రోంత చదివి చెప్పల్ల" అన్నాడు సర్పంచి తమ్ముడు.

అడిగినట్టే అన్నాడు గానీ, జీపు తలుపు అప్పటికే తెరిచి పట్టుకుని ఉన్నాడు. పెద్దమ్మ చాటలో బియ్యం చెరుగుతున్నదల్లా లేచి, "కడుపుతో ఉండే మనిషప్పా, కొండెక్కేదెట్ల?" అంది. అప్పుడు ఆ స్వామి నా పొట్ట వైపు చూసి, సర్పంచి తమ్ముడితో కన్నడంలో, తొలిచూలేనా అని అడిగాడు. మా అమ్మమ్మగారిది పావగడ వైపు. నాకు కన్నడం వస్తుందని వాళ్లకు తెలియదు.

నిధిని కాచే భూతం తొలిచూలు మనిషిని బలి అడుగుతుందన్న కథలు మీరూ వినే ఉంటారు. నేనూ విన్నాను, చదువుకున్నదాన్ని గనుక నవ్వాను కూడా. ఆ పూట నవ్వు రాలేదు. కొండ కింద జీపు దిగి నడుస్తుంటే, ముందు ఇద్దరూ వెనక ఇద్దరూ, అరిచినా వినేవాళ్లు లేరు, రెండు పక్కలా పెద్ద పెద్ద రాతిగుండ్లు. కడుపు మీద పెట్టిన చెయ్యి తీయలేకపోయాను.

పైన శాసనం పాదం దగ్గరే గొయ్యి తవ్వి ఉంది. గట్టున పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. చదవమన్నారు, చదివాను. తెగిన చెరువు కట్టను తిరిగి పోయించిన ఒక మనిషికి కట్ట కింద వరిమడి మాన్యంగా ఇచ్చిన సంగతి, దాన్ని చెరిచినవాడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడన్న ఒట్టు, అంతే. నిధి మాట లేదు.

"దాస్తాంది. మళ్ల చదివించు" అన్నాడు స్వామి, ఈసారి తెలుగులోనే. మళ్లీ చదివాను. అవే మాటలు వచ్చాయి. ఇంకొంచెం ముందుకు, గొయ్యి దగ్గరకు వచ్చి కూర్చోమన్నాడు. నేను కదలలేదు. సర్పంచి తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు కింద నుంచి ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. పెద్దమ్మ ముందు, వెనక కలుపు తీసే కూలి ఆడవాళ్లంతా, చేతుల్లో దోకుడుపారలతోనే, ఆయాసపడుతూ ఎక్కి వస్తున్నారు.

"ఏమప్పా, చదివింది చాల్లే. మా బిడ్డను పిల్చుకోని పోతాండాం" అంది పెద్దమ్మ. గొయ్యి చూసింది, నిమ్మకాయలు చూసింది. వచ్చి నా రెండో చెయ్యి పట్టుకుంది. కాసేపు ఎవరూ వదల్లేదు. తర్వాత సర్పంచి తమ్ముడు నవ్వి, రాయి చదివేదానికే కదా తెచ్చింది అంటూ చెయ్యి తీశాడు.

మరునాడే కబురందుకుని మా ఆయన వచ్చి ధర్మవరం తీసుకుపోయాడు. సెలవు పెట్టి, ఆ పైన బదిలీ చేయించుకుని, మళ్లీ ఆ ఊరు పోలేదు. వాళ్లు నిజంగా ఏం చేయదలచారో నాకు ఈనాటికీ తెలియదు. మా అమ్మాయి పుట్టాక చూడవచ్చిన పెద్దమ్మను అడిగితే, "తెలిసి ఏం జేస్తావు, బిడ్డకు పాలియ్యి" అంది. శాసనాన్ని మందు పెట్టి పేల్చారనీ, కింద బండ తప్ప ఏమీ దొరకలేదనీ ఆవిడే చెప్పింది.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. నల్లమాడ మీదుగా కదిరి పోతుంటే ఇప్పుడు కొండల మీద గాలిమరలు తిరుగుతూ కనిపిస్తాయి. చెరువులు చాలావాటిలో తుమ్మచెట్లు మొలిచాయి. ఎందరు రాజులు ఒకరినొకరు పడగొట్టుకున్నా, ఆ రాయిని ఎవరూ ముట్టలేదు. వందల ఏళ్లు నిలిచింది మా కాలంలో పోయింది. ఎవరో ఒక మనిషి తెగిన కట్ట పోయించాడన్న మాట ఇప్పుడు నా నోట్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. మా అమ్మాయికి ఆ కథ ఇంతవరకూ చెప్పలేదు. చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా ఆ రోజు సర్పంచి తమ్ముడు పట్టుకున్న మోచెయ్యి దగ్గర చల్లబడుతుంది, వేరే మాటేదో మాట్లాడేస్తాను.