పొడుగు లెన్స్ చాలన్నాను

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉంది. అన్నం తింటున్నా, నలుగురికీ కబుర్లు చెబుతున్నా అది అక్కడే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. ఆ ధైర్యమే.

తాడేపల్లిగూడెంలో నాకో ఫోటో స్టూడియో ఉంది. పాతికేళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీస్తున్నాను. ఫోటోల కన్నా కోతలకే నాకు పేరెక్కువ. కొల్లేట్లో పక్షులు చేరే ఆటపాక దగ్గర పెళ్ళికూతురిని పడవలో కూర్చోబెట్టి ఫోటో తీస్తుంటే గూడకొంగ వచ్చి లెన్స్ మూత ఎత్తుకుపోయిందనీ, మరుసటేడు వెళ్ళి చూస్తే అందులో పిల్లలకి నీళ్ళు తాగిస్తోందనీ చెబుతుంటాను. విన్నవాళ్ళు నవ్వుతారు. చివర్లో నేనూ నవ్వుతాను. నేను నవ్వానంటే నమ్మక్కర్లేదని అందరికీ తెలుసు. ఒక్కసారి మాత్రం నవ్వకుండా చెప్పాను.

అతన్ని జీవరత్నం అంటాను. అసలు పేరు అది కాదు. కైకలూరు మనిషి, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. తాతల నాటి నుంచీ చర్చి కుటుంబం. చర్చిలో జరిగే పెళ్ళిళ్ళే తీసేవాడు. అక్కడ ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఫోటోగ్రాఫరు ముందుకి వెళ్ళకూడదు. అందుకని దూరంలో ఉన్న మొహాన్ని దగ్గరికి లాక్కునే పొడుగు లెన్స్ వాడేవాడు. ఎక్కడో స్తంభం పక్కన నిలబడేవాడు. కెమెరా ఒకటుందన్న సంగతే జనం మరిచిపోయేవారు. మరిచిపోయినప్పుడు మనుషుల మొహాలు ఎంత బాగుంటాయో అతని ఫోటోలు చూస్తే తెలిసేది.

నా అసూయ ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తు. మా ఆవిడ టీచరు. తోటి టీచరు కూతురి పెళ్ళికి ఏలూరు చర్చికి వెళ్ళాం. వారం తర్వాత ఆ టీచరు, జీవరత్నం తీసిన ఓ ఫోటో పంపింది. మా ఆవిడ వెనక బెంచీలో కూర్చుని, పక్కనున్నామె ఏదో అంటే పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్ళు చెమర్చేంత నవ్వు.

"ఏవండీ, ఇది నేనేనా?" అంది.

ఆ ఫోటోనే ఫోన్లో పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేనామెను ఎన్ని ఫోటోలు తీశాను! ఒక్కదాంట్లోనూ ఆ నవ్వు లేదు. "మీరు కెమెరా ఎత్తితే నా మొహం ఇస్త్రీ చేసినట్టు అయిపోతుందండీ" అనేది.

నాకు ఎవరి మీద కోపం వచ్చింది? ఆ నవ్వు నాకు చూపించనందుకు ఆమె మీదా? అదే బెంచీలో రెండడుగుల దూరంలో కూర్చుని కూడా చూడనందుకు నా మీదా? అవన్నీ తవ్వుకోవడం కష్టం. జీవరత్నం మీద మండిపడటం తేలిక. తేలికైనదే చేశాను.

ఆ ఏడే కలిదిండిలో ఒక చేపల చెరువుల ఆసామి కూతురి పెళ్ళి. ఏలూరు పెళ్ళి ఫోటోలు చూసి ముచ్చటపడి, అమ్మాయి తల్లి జీవరత్నాన్ని పిలిపించుకుంది. పెళ్ళికొడుకు వాళ్ళది మా గూడెం. వాళ్ళు నన్ను మాట్లాడుకున్నారు. మా వైపు ఆడపెళ్ళివారికో ఫోటోగ్రాఫరు, మగపెళ్ళివారికో ఫోటోగ్రాఫరు ఉండటం మామూలే. జీవరత్నానికి మాత్రం అది మొదటి హిందూ పెళ్ళి. అక్కడ మెప్పిస్తే కొల్లేరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ అతని చేతికొస్తాయి. అది అతనికి తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు నా స్టూడియోకి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. నేను టీ తెప్పించాను.

"గురువుగారూ, మీ పెళ్ళిళ్ళకి భోజనానికి వెళ్ళడమేగాని పీటల దాకా ఎప్పుడూ వెళ్ళలేదండి. ఎక్కడ నిలబడాలో, ఏ లెన్స్ వేసుకోవాలో మీరే చెప్పాలండి."

ఇలాంటి పెళ్ళికి ఏది కావాలో మా పనిలో ఉన్న ఎవరైనా చెబుతారు. వైడ్ లెన్స్. పురోహితుడి భుజం మీదుగా వంగి, చేతికందే దూరంలో పీటల మీది ఇద్దరినీ, చుట్టూ మూగిన బంధువులనీ కలిపి పట్టేది. గట్టిమేళం మోగగానే అక్షింతలు పట్టుకుని ఊరంతా లేచి మండపం మీద పడుతుంది. కింద నిలబడ్డవాడికి వీపులే మిగులుతాయి.

"పొడుగు లెన్స్ చాలు. కిందనే నిలబడు" అన్నాను. "పీటల దగ్గరికి వెళితే పురోహితుడు ఊరుకోడు. కామవరపుకోట దగ్గర ఒక ఫోటోగ్రాఫరు తాళి కట్టే టైములో వంగి ఫోటో తీయబోయాడు. అక్కడి పురోహితుడు మంత్రం ఆపేశాడు. ముహూర్తం దాటిపోయింది. మళ్ళీ నెల తర్వాత చేసుకున్నారు ఆ పెళ్ళి."

నవ్వలేదు. గూడకొంగకి నవ్వినవాణ్ణి, దీనికి నవ్వలేదు.

"అమ్మో! అడిగి మంచిపని చేశానండి" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. "నీకెలాగూ అక్కర్లేదుగా, నీ వైడ్ లెన్స్ నాకివ్వు. నాది రిపేరుకిచ్చాను" అన్నాను. నాది బీరువాలోనే ఉంది. మర్నాడే తెచ్చిచ్చాడు. కొల్లేటి తేమకి బూజు పట్టకుండా మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ కూడా పెట్టి ఇచ్చాడు.

పెళ్ళి పగలు పదింటికి. చెరువుగట్టు పక్కన ఇంటి ముందు పందిరి. నేను పురోహితుడి భుజం పక్కన, అతని లెన్స్‌తో. అతను మండపం కింద, అరటిచెట్టు కట్టిన గుంజ దగ్గర. జీలకర్రబెల్లం వేళకే జనం అడ్డం రావడం మొదలైంది. పురోహితుడు పెద్దాయన, సరదా మనిషి. తల తిప్పి చూశాడు.

"ఏమయ్యా ఫోటో బాబూ, అంత దూరాన్నుంచి ఏం కనబడుతుందయ్యా? పైకి రా!"

జీవరత్నం నా వంక చూశాడు. నేను కెమెరాలో కన్ను పెట్టేశాను.

"పర్వాలేదండీ, ఇక్కణ్ణుంచి బానే ఉందండీ" అన్నాడు.

ఆయన పిలిచాడు. వినండి, ఆయనే పిలిచాడు. నేనొక్కసారి తల ఊపితే సరిపోయేది. పైకొస్తే మాత్రం ఆ పొడుగు లెన్స్‌తో ఏం తీస్తాడు, పెళ్ళికొడుకు ముక్కు తప్ప, అని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా. అంతలో గట్టిమేళం మోగింది. ఊరంతా లేచింది.

భోజనాల దగ్గర అమ్మాయి తల్లి అతని కెమెరా వెనక తెర మీదికి వంగి చూస్తోంది. ఒకదాని తర్వాత ఒకటి జరుపుతున్నాడు. వీపులు. జడలు. అక్షింతలు విసిరే ఒక చెయ్యి. మళ్ళీ వీపులు.

"తాళి కట్టేది ఏది బాబూ?"

"రాలేదండమ్మా. తప్పు నాదేనండి."

చేతులు జోడించాడు. నా పేరు చెప్పలేదు. నేను పక్క బంతిలోనే కూర్చున్నాను. పూర్ణం చేతిలో ఉంది. తిన్నాను. ఆ తల్లి చేయించుకున్న ఆల్బమ్‌లో తాళి కట్టే ఫోటో నాదే పెట్టించాను. "సమయానికి మీరున్నారు కాబట్టి సరిపోయిందండీ" అని ఆవిడ దణ్ణం పెడితే పుచ్చుకున్నాను.

ఇంతవరకూ చెప్పి ఊరుకుందామనుకున్నాను. లెన్స్ విషయంలో మోసం చేశాను, అసూయతో చేశాను అంటే మీరు 'సరేలే' అనుకునేవారేమో. కానీ ఇందాక ఒక ముక్క దాచాను. ఒప్పుకుంటూ కూడా దాచాను చూడండి.

జీవరత్నం అమాయకుడే కాని తెలివితక్కువవాడు కాదు. నా కామవరపుకోట కథ విన్నాక ఒక ప్రశ్న వేశాడు. "వీడియోల్లో ఫోటోగ్రాఫర్లు అందరూ పీటల దగ్గరే ఉంటున్నారు కదండీ?"

దొరికిపోయాను. ఒక్క క్షణం. ఆ క్షణంలో నా నోటికి వచ్చిన మాట ఇది:

"వాళ్ళు వెళ్ళొచ్చు. నువ్వు మరీ జాగ్రత్తగా ఉండాలయ్యా."

ఎందుకో నేను చెప్పలేదు. అతను అడగలేదు. టీ గ్లాసు కింద పెట్టి, "అర్థమైందండి" అన్నాడు.

మతం తేడాలు పట్టించుకునే మనిషిని కానని నా గురించి నేననుకునేవాణ్ణి. అతని ఇంట్లో తిన్నాను, వాళ్ళ అమ్మగారి చేతి కాఫీ తాగాను. మరి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? అది నాలో ఎప్పట్నుంచో ఉందా, లేక అతన్ని ఆపడానికి పనికొస్తుందని చేతికందింది అందుకున్నానా? నిజంగా నమ్మి అన్నవాడి కన్నా, నమ్మకుండా అవసరానికి అన్నవాడు కాస్త మేలని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. మేలు కాదు.

ఆ పెళ్ళి తర్వాత అతను మళ్ళీ హిందూ పెళ్ళి ఒప్పుకోలేదు. ఎవరైనా పిలిస్తే, "మాకు పద్ధతులు తెలీవండి, మీ శుభకార్యంలో పొరపాటు జరిగితే బాగోదండి. గూడెంలో గురువుగారున్నారు, ఆయన్ని పిలవండి" అని నా నంబరిస్తాడు. తొమ్మిదేళ్ళుగా ఇస్తున్నాడు. మొన్న మాఘంలో కూడా ఇద్దర్ని పంపాడు. నేను వెళ్ళి తీశాను.

రెండుసార్లు చెప్పేద్దామని కైకలూరు వెళ్ళాను. రెండుసార్లూ మొదలుపెట్టాక నా నోరు దాన్ని ఒక కథగా మార్చేసింది. అతను కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇక నేను నోటితో చెబితే ఎవరూ నమ్మరని తెలిసే ఇలా రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఈ కాగితం మీద ఒక్క వాక్యమైనా కోత లేకుండా రాయగలిగితే చాలు.

రాస్తున్నాను. జీవరత్నాన్ని పీటల దగ్గరికి రావద్దన్నది పురోహితుడు కాదు, పెళ్ళివారు కాదు, ఏ పద్ధతీ కాదు. నేనే.