బంతిని తిట్టిన సిస్టరక్క

ఆ రోజుల్లో ఎడిన్‌బర్గ్‌లో తెలుగువాళ్లు ఎంత తక్కువగా ఉండేవారంటే, బస్సులో ఎవరైనా ఫోన్లో "అబ్బబ్బ, వినిపించట్లేదు" అన్నా చాలు, వెళ్లి పక్క సీట్లో కూర్చుని ఊరూ పేరూ కనుక్కోకముందే "మీకు బౌలింగ్ వచ్చా?" అని అడిగేవాళ్లం. ఆ మనిషికి పెళ్లయిందా, ఉద్యోగం ఎక్కడ అన్నవి తర్వాతి సంగతులు. మా ఆదివారం క్రికెట్ టీముకు పదకొండో మనిషి దొరకడం ముఖ్యం. (పన్నెండో ఆటగాడు అనే మాట మేం టీవీలో వినడమే.) ఆట బాగా వచ్చి నోరు మాత్రం కారంగా ఉండే మనిషిని టీములో భరించాలా, సాగనంపాలా అని ఇప్పటికీ టీవీలో పెద్దపెద్దవాళ్లు టైలు కట్టుకుని గంటలకొద్దీ వాదించుకుంటూ ఉంటారు. నాకు మాత్రం ఈ విషయంలో అనుమానమే లేదు. భరించాలి. ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో, కెప్టెన్ అన్న పేరు నెత్తిన పెట్టుకుని, ఒక వేసవి కాలమంతా ఆ ప్రశ్నతోనే కాపురం చేశాను కాబట్టి.

నేను కెప్టెన్ ఎలా అయ్యానో ముందు చెప్పాలి, లేకపోతే మీరు నన్ను ఆటగత్తెననుకునే ప్రమాదం ఉంది. కరీంనగర్ నుంచి వచ్చి అక్కడొక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తున్న నేను మొదట స్కోరు రాయడానికి వెళ్లాను. ఒక మనిషి తక్కువైన రోజున బౌండరీ దగ్గర నిలబడ్డాను. ఆ తర్వాత అక్కడే ఉండిపోయాను. టీమును పెట్టింది డాక్టరంకుల్. కర్నూలు వైపు మనిషి, ఎన్నో ఏళ్లుగా అక్కడే స్థిరపడ్డవాడు, మోకాళ్లు సహకరించినంత కాలం వికెట్ కీపింగ్ చేసి, అవి మొరాయించాక అంపైరింగ్‌లోకి దిగాడు. ఆ ఏడాది కెప్టెన్సీ కోసం ఓపెనరన్నకూ అతని రూమ్మేట్లలో ఒకడికీ పెద్ద గొడవైంది. ఓపెనరన్న హైదరాబాదీ, ఐటీ ఉద్యోగి. తన బ్యాటింగును ఫోన్లో రికార్డు చేయించుకుని వారమంతా చూసుకునేవాడు. (పరుగులు పెద్దగా చేసేవాడు కాదు గానీ, ఔటైన తీరు మాత్రం ఎప్పుడూ చాలా అందంగా ఉండేది.) డాక్టరంకుల్ ఇద్దరి వాదనా విని, చాయ్ కప్పు కింద పెట్టి, "మీరిద్దరూ వద్దప్పా. ఈ పాపను పెడదాం. ఎవరితోనూ కొట్లాట లేదు, ఆట గూడా పెద్దగా రాదు" అని తీర్పిచ్చేశాడు. ఆ రెండో అర్హతను చూసే అందరూ ఒప్పుకున్నారని నాకిప్పటికీ గట్టి నమ్మకం.

సిస్టరక్క నాకు బస్సులోనే దొరికింది. ముందు సీట్లో కూర్చుని ఫోన్లో ఎవరినో, "పప్పు మాడ్చింది చాలక గిన్నె కూడా నేనే తోమాలా?" అని కడిగేస్తోంది. నర్సాపురం వైపు యాస. ఫోన్ పెట్టేసేదాకా ఆగి, "అక్కా, మీకు క్రికెట్ వస్తదా?" అని అడిగాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నాకు వచ్చు. మీకు క్యాచ్‌లు పట్టడం వచ్చా?" అంది. నేను అది జోకనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు కాబట్టి సిస్టర్, మా అందరికంటే పెద్దది కాబట్టి అక్క. రెండూ కలిసి మొదటి వారానికే సిస్టరక్క అయింది. అన్నదమ్ముల మధ్య పెరిగి, వాళ్లు బ్యాటింగ్ ఇవ్వకపోతే పగబట్టి బౌలింగ్ నేర్చుకున్నానని ఒకసారి తనే చెప్పింది.

ఆ బౌలింగ్ గురించి ఏం చెప్పను! నాలుగడుగులు నడిచి, వార్డులో దుప్పటి సర్దినంత మామూలుగా మణికట్టు తిప్పేది. బంతి గాల్లో తేలిగ్గా, అమాయకంగా వెళ్లేది. బ్యాట్స్‌మన్ సంతోషంగా ముందుకు వచ్చేవాడు. నేల తాకాక అది పక్కకు తిరిగేది, వెనకాల బెయిల్స్ పడేవి, ఆ పెద్దమనిషి బ్యాటు వైపు అనుమానంగా చూసుకుంటూ వెళ్లిపోయేవాడు. అంతవరకూ స్వర్గమే. మిగతాది నోరు. చర్చి ప్రార్థన అయ్యాకే వచ్చేది కాబట్టి ఆమె కోసం టాస్ ఆపాలి. ప్రాక్టీసుకు రాదు. స్లిప్‌లో తప్ప ఇంకెక్కడా నిలబడదు. నేను ఫీల్డింగ్ పెట్టడం పూర్తయ్యాక, బెడ్లు మార్పించినట్టు మనుషులందరినీ మార్పించి, చివరికి కెప్టెనయిన నన్ను తీసుకెళ్లి చెట్ల దగ్గర నిలబెట్టేది. ఎల్బీ ఇవ్వకపోతే డాక్టరంకుల్‌ని కూడా వదిలేది కాదు. "డాక్టరు గారండీ, మీ కళ్లు ఒకసారి చూపించుకోండి. మా ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్ నేను ఇప్పిస్తాను" అనేది.

గొడవ ముదిరింది ఓపెనరన్న వదిలిన క్యాచ్‌తో. మిడాఫ్‌లో నిలబడ్డ అతని చేతుల్లోకి సిస్టరక్క బౌలింగ్‌లో బంతి మెత్తగా వచ్చి పడింది, అంతే మెత్తగా జారిపోయింది. ఆమె పిచ్ మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని, గ్రౌండంతా వినిపించేలా, "నాయనా, చేతులు ఇంట్లో మర్చిపోయొచ్చావా? ఫోన్ చేసి తెప్పించనా?" అంది. అవతలి టీమువాళ్లకు తెలుగు రాదు. అయినా పగలబడి నవ్వారు. ఓపెనరన్నకు క్యాచ్ వదిలినందుకు కాదు, ఆ నవ్వుకు కాలింది.

ఆ సాయంత్రం డాక్టరంకుల్ ఇంట్లో మీటింగు పెట్టారు. ఆంటీ పకోడీలు వేస్తూనే ఉంది, వీళ్లు అరుస్తూనే ఉన్నారు. "చూడు చెల్లే, ఆమెనన్న ఉండాలె, నేనన్న ఉండాలె. తేల్చుకో" అన్నాడు ఓపెనరన్న. డాక్టరంకుల్ మెల్లగా, "బౌలింగు మాత్రం బంగారమప్పా" అన్నాడు. "బంగారమైతే లాకర్ల పెట్టుకోన్రి అంకుల్, గ్రౌండ్ల ఎందుకు?" అన్నాడు ఇతను. అక్కడ చిక్కేమిటంటే, ఓపెనరన్న వెళ్తే రూమ్మేట్లూ వెళ్తారు, వాళ్లతోపాటు మా ఏకైక కారూ వెళ్తుంది. ఆమె వెళ్తే వికెట్లు వెళ్తాయి. ఎడిన్‌బర్గ్ శివార్లలో ఒక పల్లె క్లబ్బుతో ఏటా వేసవి చివర మాకో మ్యాచ్ ఉండేది. ఏటా వాళ్లు మమ్మల్ని చిత్తుగా ఓడించి, తర్వాత టీ పోసి, కేకు పెట్టి, "చాలా బాగా ప్రయత్నించారు" అని ఓదార్చేవారు. వాళ్ల ముసలి కెప్టెన్ నా భుజం తట్టే పద్ధతి, పరీక్ష తప్పిన పిల్లను తట్టినట్టుండేది. ఓటమినైనా మింగవచ్చు గానీ ఆ కేకు గొంతు దిగేది కాదు. ఆ మ్యాచ్ దగ్గరపడుతోంది. అయినా సిస్టరక్కను టీములోంచి ఆపేద్దామనే ఎక్కువమంది చేతులెత్తారు. చెప్పే పని మాత్రం ఏకగ్రీవంగా కెప్టెన్‌కు అప్పగించారు.

సరిగ్గా ఆ వారమే మా ఆఫీసులో ఒక ట్రైనింగ్ ఇచ్చారు. ఎవరికైనా చేదు మాట చెప్పాలంటే శాండ్‌విచ్‌లా చెప్పాలట: ముందు ఒక పొగడ్త, మధ్యలో తప్పు, పైన మళ్లీ ఒక పొగడ్త. నేను దాన్ని అద్దం ముందు సాధన చేసి, ఆమె డ్యూటీ దిగే వేళకు ఆసుపత్రి ముందున్న బస్టాపుకు వెళ్లాను. "అక్కా, మీ అంత గొప్ప బౌలర్‌ని నేను చూడలె. మీరొచ్చినంకనే మా టీముకు ఒక లెక్క వచ్చింది" అని మొదటి పొగడ్త వడ్డించాను. కాస్త ఎక్కువే వడ్డించానేమో, అది పూర్తయ్యేసరికి ఆమె బస్సు వచ్చేసింది. "పొద్దుట్నుంచీ ఒక్కళ్లూ మంచిమాట అన్లేదమ్మాయ్. చాలా థాంక్సు" అని నా చెయ్యి నొక్కి బస్సెక్కేసింది. తప్పు అనే ముక్క నా నోట్లోనే ఉండిపోయింది. ఇక చేసేదేం లేక, మా ఇంటికి పూర్తిగా ఎదురు దిక్కుకు వెళ్లే ఆ బస్సు నేనూ ఎక్కాను.

పై అంతస్తులో పక్కన కూర్చుని, పొగడ్తల్లేకుండా అంతా చెప్పేశాను. ఆమె కిటికీలోంచి వాన చూస్తూ వింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఆపేస్తే ఆపేయండి. నోరు మూసుకుని బౌలింగ్ వేయమంటే మాత్రం నాకు రాదమ్మాయ్. షిఫ్టంతా సారీ, థాంక్యూ, లవ్లీ, నో ప్రాబ్లం. ఎవరు కసిరినా లవ్లీ. మొన్నొకాయన నా ముఖమ్మీదికి ట్రే విసిరేశాడు. దానికీ నో ప్రాబ్లమే. గొంతెత్తి తెలుగులో నాలుగు మాటలనుకునేది ఆ గ్రౌండులోనే."

నాకు వెంటనే జాలేసింది. దిగిపోదామనుకున్నాను కూడా. కానీ ఎందుకో (ఆ వయసులో నాకున్న ధైర్యం అంతా ఆ ఒక్క బస్సులోనే ఖర్చయిందనుకుంటా) ఇలా అన్నాను: "అక్కా, ఓపెనరన్న గూడ వారమంత ఆఫీసుల సారీ, థాంక్యూనే అంటడు. ఆయన మేనేజరు ఆయన్ని అందరి ముంగట అంటడు. ఆదివారం గ్రౌండ్లకొస్తే మీరంటున్రు. ఆయన యాడికి పోవాలె?"

బస్సు రెండు స్టాపులు దాటింది. "ఐతే ఏం చేయమంటావు?" అంది చివరికి.

"అరవండి. ఎంతైనా అరవండి. మనుషుల మీద కాదు, బంతి మీద."

"బంతి మీదా?" అని నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. సరేననలేదు, కాదనలేదు. ఆమె స్టాపు వచ్చింది, దిగిపోయింది. టీముకు నేను, "ఈ ఒక్క మ్యాచ్ ఆడనీయండి, మళ్లీ నోరు జారితే నేనే పంపేస్త" అని చెప్పాను. ఓపెనరన్న గొణుక్కుంటూనే కారు తీశాడు.

పల్లె క్లబ్బు మ్యాచ్ రోజు సన్నటి జల్లు. మా బ్యాటింగ్ గురించి చెప్పుకోదగిందేమీ లేదు; ఓపెనరన్న మాత్రం అందంగా కాకుండా, మొండిగా చాలాసేపు నిలబడ్డాడు. వాళ్ల బ్యాటింగ్ మొదలైన కాసేపటికే, సిస్టరక్క బౌలింగ్‌లో అతనే మళ్లీ క్యాచ్ వదిలాడు. గ్రౌండంతా బిగుసుకుపోయింది. ఆమె నోరు తెరిచింది. నా వైపు చూసింది. మూసింది. నడుచుకుంటూ వెళ్లి, గడ్డిలోంచి బంతిని తీసి, ముఖానికెదురుగా పట్టుకుని మొదలుపెట్టింది. "సిగ్గులేదూ నీకు? అంత పెద్దమనిషి రెండు చేతులూ చాపితే జారిపోతావా? ఏం తిని బతుకుతున్నావే నువ్వు? ఇంకోసారి జారావంటే కాలవలో పడేస్తా!" మావాళ్లు నోళ్లు మూసుకుని నవ్వాపుకుంటున్నారు. ఓపెనరన్నకు కోప్పడదామంటే సందు దొరకలేదు. తిట్లు తిన్నది అతను కాదాయె. అవతల బ్యాటింగ్ చేస్తున్న ముసలి కెప్టెన్ నన్ను పిలిచి, ఆమె ప్రార్థన చేస్తోందా అని గౌరవంగా అడిగాడు. అలాంటిదేనన్నాను. పాపం, ఆ తర్వాత ఆమె బంతితో మాట్లాడిన ప్రతిసారీ ఆయన బ్యాటు పక్కన పెట్టి మౌనంగా నిలబడ్డాడు.

అసలు సంగతి తర్వాత జరిగింది. బౌలర్లు కరువై ఓపెనరన్న చేతికి బంతి ఇచ్చాను. అతని రెండో బంతే బ్యాటు అంచుకు తగిలి సూటిగా స్లిప్‌లోకి, సిస్టరక్క చేతుల్లోకి వెళ్లింది. ఆమె వదిలేసింది. జీవితంలో మొదటిసారి అనుకుంటా, ఎర్రబడిన ముఖంతో నేల చూపులు చూస్తూ నిలబడింది. ఓపెనరన్న నిదానంగా ఆమె దగ్గరికి నడిచాడు. అతను వంగి, బంతిని తీసి, దులిపి, కళ్లెర్రజేసి, "ఏందే నీ కథ? అక్క చేతుల పడ్డంక గూడ జారుడేంది? చేతులు ఇంట్ల మర్చిపోయి వచ్చినవా?" అన్నాడు. సిస్టరక్క కడుపు పట్టుకుని గడ్డిలో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆమె నవ్వగా మేం చూడటం అదే మొదలు. ఆమెను లేపడానికి వెళ్లిన ఓపెనరన్న కూడా పక్కనే కూలబడ్డాడు.

చివరి జోడీ మిగిలింది, వాళ్లకు కావలసినవి కొద్ది పరుగులే. సిస్టరక్క బంతి ముసలి కెప్టెన్ ప్యాడ్‌కు తగిలింది. అప్పీలు పక్క ఊరికి వినిపించి ఉంటుంది. డాక్టరంకుల్ చాలాసేపు ఆలోచించి, మెల్లగా వేలెత్తాడు. సిస్టరక్క నమ్మలేకపోయింది. "డాక్టరు గారండీ, నిజంగా ఔటేనంటారా?" అని దగ్గరికెళ్లి అడిగింది. "అనుమానముంటే దించేస్తానమ్మా" అన్నాడాయన. "వద్దండీ, వద్దండీ!" అని ఆమె ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుంది. గెలిచాం. ఆ రోజు కేకుతో ఎవరూ మమ్మల్ని ఓదార్చలేదు. ముసలి కెప్టెన్ తన ముక్క కూడా సిస్టరక్కకే ఇచ్చి, వచ్చే ఏడాది తమ టీముకు ఆడుతుందా అని అడిగాడు. "మీవాళ్లు మరీ మర్యాదస్థులండీ. నాకు పడదు" అని ఇంగ్లీషులో చెప్పేసింది.

సీజన్ ముగిశాక డాక్టరంకుల్ ఇంట్లో భోజనాలు. వచ్చే ఏడాదికి కూడా పాపే కెప్టెన్, చేతులెత్తండప్పా అన్నాడాయన. అందరి చేతులూ లేచాయి. ఓపెనరన్న రెండు చేతులూ ఎత్తాడు. సిస్టరక్క మాత్రం తాపీగా పెరుగన్నం కలుపుకుంటోంది. "ఏమక్కా, నేనొద్దా?" అన్నాను, నవ్వుతున్నట్టే. "పిల్ల మంచిదే. మనసు బంగారం. కానీ ఫీల్డింగ్ పెట్టడం బొత్తిగా రాదండీ. పోనీలే, చిన్నపిల్ల కదా అని ఈ ఏడాదంతా నేనే ఓర్చుకున్నా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఇంటికెళ్లి చలికాలమంతా ఆమె మీద అలిగాను. ఎంత కృతజ్ఞత లేని మనిషి, నేను భరించబట్టి కదా టీములో ఉంది అనుకుంటూ.

ఇప్పుడు ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ ఊళ్లో, ఆఫీసులో నా కింద కొంతమంది పనిచేస్తున్నారు, వాళ్లలో నోరున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లతో ఎలా నెట్టుకొస్తున్నావని ఎవరైనా అడిగితే, ఏ సందేహమూ లేకుండా, భరించాలి అని జవాబు చెబుతాను. చెప్పాక మాత్రం ఒక అమ్మాయి గుర్తొస్తుంది. ఎవరిదో అరువు తెల్లప్యాంటు మడమల దగ్గర మడతపెట్టుకుని, స్కాట్లండ్ గాలికి టోపీ ఎగిరిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మహా ధీమాగా అందర్నీ తప్పు చోట్లకు పంపిస్తూ ఉంటుంది. ఆమె వెనక స్లిప్‌లో నిలబడ్డ ఒక పెద్దామె నిట్టూర్చి, ఆ అమ్మాయిని మాత్రం ఒక్క మాటా అనకుండా, అందర్నీ చేత్తోనే సైగ చేసి సరైన చోట్లకు జరుపుతూ ఉంటుంది. ఆ అమ్మాయి ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసి ఉంటే బాగుండేది.