ఊఁ అక్క

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ ఊఁ అక్క అంటారు. దుప్పట్లు వచ్చాయన్నా ఊఁ, ఇల్లు కూలిందన్నా ఊఁ. అన్ని మాటలు మిగుల్చుకుని ఏం మూటగట్టుకుంటుందో ఆమెకే తెలియాలి. ఒకప్పుడు హైజంప్‌లో ఆమెకు తిరుగులేదు. మోకాలు దెబ్బతిన్నాక దూకడం పోయింది గానీ దూకుడు పిచ్చి పోలేదు. ఆ పిచ్చంతా తమ్ముడి కాళ్లలో పోసింది.

ఆమె పద్ధతి చెప్పుకోవడానికి చిన్నదే. దూకబోయే ముందు ఉన్న బలమంతా పెట్టి నాలుగు గెంతులు గెంతాలి. నిద్రపోతున్న కాళ్లు ఉలిక్కిపడి లేస్తాయి. ఆ తర్వాత ఆయాసం తీరేదాకా కూర్చోవాలి. అలసట పోయి చురుకు మాత్రం మిగిలినప్పుడు పరుగందుకోవాలి. తొందరపడితే కాళ్లు బరువెక్కుతాయి, ఆలస్యమైతే చల్లారిపోతాయి. "గెంతనా?" అని తమ్ముడు అడిగేవాడు. సమయం చూసి ఆమె ఊఁ అనేది.

ఆ రోజు అగ్నిమాపక శాఖ జట్టుకు ఎంపిక. గెలిస్తే ఉద్యోగం. వయసు పరిమితి దాటిపోతోంది కాబట్టి తమ్ముడికి అదే ఆఖరి అవకాశం. రెండుసార్లు మడమ తగిలి అడ్డకర్ర పడింది. ఇక మిగిలింది ఆఖరి దూకు. దానికి గెంతులు పూర్తిచేసి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే కర్రను నిలిపే స్తంభం ఒరిగిందంటూ అధికారులు ఆట ఆపారు. దాన్ని తిన్నగా నిలబెట్టేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

"కాళ్లు చల్లారిపోయాయక్కా. మళ్లీ గెంతనా?" అని కంచె అవతల నుంచి అడిగాడు.

ఏ క్షణాన్నయినా పిలుస్తారు, ఆయాసపడే కాళ్లకంటే చల్లారిన కాళ్లే నయం. వద్దని చెప్పడానికే ఆమె బెంచీ మీంచి లేవబోయింది. మోకాలు కలుక్కుమంది. "ఊఁ..." అని మూలిగింది.

వాడు గెంతడం మొదలెట్టేశాడు. "ఆగరా!" అని ఆమె అరిచేలోపే పిలుపు వచ్చింది. రొప్పుతూనే పరిగెత్తాడు. నడుమైనా కర్ర దాటకుండా, దాంతో సహా పరుపు మీద పడ్డాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాడు. "నువ్వు ఊఁ అన్నావనే గెంతానక్కా. నేనేమన్నా తప్పు విన్నానా?"

ఆ ఊఁ మోకాలిదని చెబితే, బతికున్నన్నాళ్లూ వీడు తన చెవుల్ని తనే తిట్టుకుంటాడు.

"లేదురా. నేనే గెంతమన్నాను. నా బుద్ధి గడ్డి తింది."

వాడు తల తిప్పుకున్నాడు.

ఇప్పుడు వాడూ అదే లాండ్రీలో తడి దుప్పట్ల బండి తోస్తున్నాడు. అక్కను ఏ సలహా అడగడు. ఆమె మాత్రం వాడు దగ్గర్లో ఉన్నప్పుడు స్టూలు మీంచి లేవాల్సి వస్తే, మూలుగును పళ్ల బిగువున ఆపుకుంటుంది.